చీమల పచ్చడితో నిలబడ్డ ఇడ్లీ బండి

నేను బస్తర్ వెళ్ళింది బార్సూరులో ఉన్న పెద్ద రాతి వినాయకుణ్ణి చూడటానికి. తీరా ఇంటికొచ్చాక అందరికీ చెబుతున్నది మాత్రం గీదంలో తిన్న ఇడ్లీల గురించే. వినాయకుడు ఏమీ అనుకోడు, ఆయనా తిండిప్రియుడే.

జగదల్‌పూర్‌లో ఉదయం ఏడింటికి బస్సెక్కితే తొమ్మిది దాటాక గీదంలో దించాడు. టిక్కెట్టు వంద రూపాయల చుట్టుపక్కల. అక్కణ్ణుంచి బార్సూరుకు షేరు జీపులున్నాయి గానీ, నిండితే తప్ప కదలవు. ఆకలికి ఆగలేక స్టాండు పక్కనున్న టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళాను. అక్కడ తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. బండి నడిపే పైడమ్మగారిది బొబ్బిలి వైపు. భర్త రైల్వే పనికి వస్తే ఆయనతో వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు.

ఆకు దొప్పలో ఇడ్లీల పక్కన ఎర్రటి పచ్చడి కనపడింది. ఇదేమిటని అడిగాను.

"ముందల తిను. పేరు తరవాత సెప్తాను."

పుల్లగా, కారంగా, నాలుక చురుక్కుమనేలా ఉంది. సగం తిన్నాక ఎర్రచీమల పచ్చడని చెప్పారు. చెయ్యి కాసేపు ఆగింది, నోరు ఆగలేదు. ఆంధ్రా ఇడ్లీకి చీమలేమిటండీ అంటే, పక్కన దొప్పలు కుడుతున్న బుధ్రి అనే గోండు ఆవిడను చూపించి, పైడమ్మగారు మొదట్నుంచీ చెప్పుకొచ్చారు.

"నాది పార్సిల్ బేరమమ్మా. లారీవోళ్ళు, రైల్వేవోళ్ళు ప్లాస్టిక్ ఝిల్లీల్లో, అదే సంచుల్లో, సాంబారు కట్టించుకునీవోరు. గవర్నమెంటోళ్ళు ఝిల్లీలు బంద్ అన్నారు. దొప్పలో సాంబారు పోస్తే కారిపోద్ది. తిరిగి తెచ్చీండని స్టీలు డబ్బాలిచ్చాను. లారీల్తో పాటే డబ్బాలూ పోనాయి. బండి అమ్మీసి మా ఊరెల్లిపోదామనుకున్నాను."

అప్పుడే ఒక డబ్బా తిరిగొచ్చిందట. మనవరాలి కోసం బుధ్రి తీసుకెళ్ళినది. ఖాళీ గిన్నె చేతికెలా ఇస్తానని, అందులో చీమల పచ్చడి పెట్టి తెచ్చింది.

"పారీడానికి మనసొప్పలేదు, తినడానికి దైర్యం సాల్లేదు. సంతకొచ్చినోళ్ళు అది సూసి ఇడ్లీల మీద ఎయ్యమన్నారు. అప్పటిదాకా నా బండికాడ గోండు మనిషి ఒక్కరూ కూకోలేదు."

ఇప్పుడు బల్ల మీద చోటు దొరకడం కష్టం, పట్టుకెళ్ళిన డబ్బాలూ తిరిగొస్తున్నాయి. పచ్చడీ దొప్పలూ బుధ్రి దగ్గరే కొంటున్నారు. మా మాటలు ఎంత అర్థమయ్యాయో గానీ, పైడమ్మ దీదీ మొదట్లో తెగ భయపడిందని హిందీలో చెప్పి బుధ్రి పకపకా నవ్వింది.

బార్సూరు గుళ్ళు తీరిగ్గా చూసుకుని నాలుగింటికి మళ్ళీ గీదం చేరాను. రాత్రికి తినమని పైడమ్మగారు ఒక డబ్బా నింపి ఇచ్చారు. మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదన్నాను.

"జగదల్‌పూర్ టేసన్లో గీదం మీదుగా ఎల్లీ కిరండూల్ రైలెక్కీ మా తెలుగోళ్ళకెవరికైనా ఇచ్చీ."

"మరి మీ ఊరు వెళ్ళరా?"

"నానెల్లిపోతే ఈ డబ్బాలు ఎవరికి తెచ్చిస్తారమ్మా?"

ప్లాస్టిక్ సంచులు ఆపినవాళ్ళు ఆవిడ సాంబారు గురించి ఆలోచించి ఉండరు, చీమల పచ్చడి సంగతి అసలే తెలిసి ఉండదు. పోయిన డబ్బాల నష్టం నష్టమే, దాన్నెవరూ పూడ్చలేదు. అయినా తిరుగు బస్సులో నా మనసు హాయిగా ఉంది. గీదం వెళ్ళేవాళ్ళు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. మరిచిపోయి పైడమ్మగారి దగ్గర తీసుకుంటే, తిరిగిచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి పెట్టండి. ఆవిడ బండి నిలబడింది అలాగే.