స్తంభం కింద చెప్పులు

ఉదయగిరి హైస్కూల్లో ఏడో తరగతి చదివేటప్పుడు ఇంగ్లీషు అయ్యవారు ఒకరోజు నన్ను లేపి 'లైన్' అంటే ఏమిటని అడిగారు. "ఏ లైన్ సార్?" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని బెత్తంతో రెండు వడ్డించారు. లైన్ అంటే గీత అని బోర్డు మీద గీసి చూపించి కూర్చోమన్నారు. ఆ దెబ్బల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. నేను అడిగింది న్యాయమైన ప్రశ్న.

మా ఇంట్లో ఆ మాట రోజుకు పదిసార్లు వినపడేది, గీత అనే అర్థంలో మాత్రం ఒక్కసారి కూడా కాదు. మా నాయన లారీ డ్రైవరు. ఆయనకు లైన్ అంటే దారి. "కడప లైన్లో పోతా ఉండా" అన్నాడంటే మూడు రోజుల దాకా ఇంటికి రాడని మాకు తెలుసు. అవ్వకు లైన్ అంటే రేషన్ షాపు. పొద్దున్నే వెళ్ళి సంచి మీద రాయి పెట్టి, ఇంటికొచ్చి కాఫీ తాగి, "నా లైన్లోకి ఎవురన్నా దూరినారేమో" అని మళ్ళీ పరుగెత్తేది. మా అక్క బడికి వెళ్ళేటప్పుడు ఒకడు సైకిలేసుకుని వెనకాలే వచ్చేవాడు. వాడు లైనేస్తున్నాడని నేనే ఇంట్లో చెప్పాను. నాయన లుంగీ ఎగగట్టి, "వాణ్ణి లైన్లో పెట్టొస్తా ఉండు" అని బయలుదేరాడు. వాడు చేసిన పనికీ, దానికి పడిన శిక్షకీ మా ఇంట్లో ఒకటే మాట.

ఇదంతా తెలిసినవాడు "ఏ లైన్ సార్?" అని అడగకపోతే ఇంకెవడు అడుగుతాడు?

ఆ తర్వాత కూడా ఆ మాట నన్ను వదల్లేదు. పెళ్ళిచూపుల్లో మామగారు "అబ్బాయి ఏ లైన్లో ఉండాడు?" అని అడిగాడు. కరెంటు లైన్లోనే ఉన్నాడని నాయన గొప్పగా చెప్పాడు. ఇప్పుడు ఆత్మకూరులో మేముండే అద్దె ఇల్లు మా కాలనీలో మూడో లైన్. అక్కడి నుంచి బండి మీద అరగంట పోతే నేను పనిచేసే సబ్‌స్టేషన్ వస్తుంది. అందులో షిఫ్ట్ ఆపరేటర్ని. కాంట్రాక్టు ఉద్యోగం. చుట్టుపక్కల పల్లెలకు, పొలాలకు మా దగ్గర నుంచే కరెంటు పోతుంది. రోజంతా ఫోన్లు. అవతలి వాళ్ళు పేరు చెప్పరు, నమస్తే అనరు. "లైన్ ఎప్పుడిస్తావు?" అంటారు. అంతే.

ఈ మాటకున్న అన్ని అర్థాల్లో నేను భయభక్తులతో చూసేది ఒకటుంది. లైన్ క్లియర్. పేపర్లో ఎవరికో లైన్ క్లియర్ అని రాస్తే అడ్డం తొలగిపోయింది, ఇక దూసుకుపోవచ్చని అందరికీ అర్థమవుతుంది. మా గదిలో దాని సంగతి వేరు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు నాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. నేను ఆయన పనిచేసే వైపు పోయే లైన్‌ను ఆపేసి, పుస్తకంలో ఆయన పేరూ టైమూ రాసి, స్విచ్చికి ఎర్ర బోర్డు తగిలిస్తాను. మనుషులు పనిచేస్తున్నారు అని దాని మీద ఉంటుంది. ఆ నిమిషం నుంచి ఆ లైన్ నాది కాదు, ఆయనది. పని అయ్యాక తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఆయన తరఫున ఆయన తమ్ముడు చెప్పినా చెల్లదు, మంత్రి చెప్పినా చెల్లదు.

మా లైన్‌మన్ అనుమసముద్రంపేట మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. ఇంట్లో ఉర్దూ, స్తంభం మీద తెలుగు. బెల్టు కడతాడు, గ్లౌజులు వేస్తాడు, బూట్లు మాత్రం వేయడు. ఆఫీసు వాళ్ళిచ్చిన బూట్లు ఆయనింట్లో అటక మీద కొత్తగానే ఉన్నాయి. "కాలికి స్తంభం తగలాల తమ్ముడూ, లేకుంటే నాకు నమ్మకం రాదు" అంటాడు. తోలు చెప్పులు విప్పి స్తంభం కింద పక్కపక్కన పెట్టి, వాటి పక్కన ఫోను పెట్టి, వట్టి కాళ్ళతో ఎక్కుతాడు.

చేరిన కొత్తల్లో ఒకసారి "దిగినావా భాయ్?" అని అడిగితే "దిగినా, లైన్ తీసుకో" అన్నాడు. నేను బోర్డు తీసే లోపల మళ్ళీ ఫోన్. కటింగ్ ప్లేయర్ పైనే మరిచిపోయాడట, మళ్ళీ ఎక్కుతున్నాడట. దిగడం వేరు, పని అయిపోవడం వేరు అని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఆ ప్రశ్న మానేసి "చెప్పులేసుకున్నావా భాయ్?" అని అడుగుతున్నాను. ఇంకో స్తంభం ఎక్కాల్సి ఉంటే ఆయన చెప్పులు వేసుకోడు. వేసుకున్నాడంటే ఆ రోజుకు ఆయన ఆకాశంతో తెగతెంపులు చేసుకున్నట్టే. మా ఆవిడకు ఈ సంగతి చెబితే, "అదేం ప్రశ్న, ఆయనేమన్నా చిన్నపిల్లోడా?" అని నవ్వేది.

ఇక ఆ రోజు సంగతి.

ఎండాకాలం. గాలికి ఒక స్తంభం మీద వైరు తెగింది. మూడు పల్లెల పొలాలకు రెండు రోజులుగా నీళ్ళు లేవు. పొద్దున పదకొండు గంటలప్పుడు భాయ్ లైన్ క్లియర్ తీసుకుని పెద్దయ్య పొలంలో స్తంభం ఎక్కాడు. ఆ ప్రాంతంలో అందరూ పెద్దయ్య అని పిలిచే రైతు ఆయన. వయసులోనూ పెద్ద, పొలంలోనూ పెద్ద, మాటలోనూ పెద్ద. ఆయన ఒక్క మాట చెబితే ఆఫీసుల్లో పనులవుతాయి. ఒక్క మాట చెబితే నాలాంటివాడి ఉద్యోగం పోతుంది కూడా.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది. తెర మీద భాయ్ అని పడింది. ఎత్తితే భాయ్ గొంతు కాదు.

"నేను, పెద్దయ్యను. పని అయిపోయింది. లైన్ ఇచ్చెయ్."

"ఫోను భాయ్‌కి ఇయ్యండి పెద్దయ్యా."

"ఆయన ఈడ లేడు. దిగి పోయినాడు. ఫోను ఈడనే పెట్టిపోయినాడు. నా కళ్ళతో చూసినా దిగతా ఉంటే. కట్టిన రాడ్లు గూడా విప్పి భుజానేసుకున్నాడు. పొట్టకొచ్చిన వరి అబ్బాయ్, నేల నెర్రెలిచ్చిపోతా ఉండాది. బిన్నా ఇయ్యి."

రాడ్లంటే, పొరపాటున కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా నేలలోకి పోయేలా లైన్‌కు కట్టేవి. పని అయిపోతేనే వాటిని విప్పుతారు. ఆ ముక్క పెద్దయ్యకు తెలుసు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, అది నాకు తెలుసు. నిజం చెప్పాలి కదా, నా కుడిచెయ్యి అప్పటికే ఎర్ర బోర్డు మీద ఉంది. ఫోన్ నంబరు భాయ్‌ది, చూసినవాడు పెద్దమనిషి, ఎండిపోతున్నది వందమంది పంట. నోరు మాత్రం అలవాటు కొద్దీ అడిగేసింది.

"చెప్పులేసుకున్నాడా?"

"ఏంది?"

"భాయ్ చెప్పులు పెద్దయ్యా. యాడుండాయి?"

వంగి చూశాడనుకుంటా.

"ఈడనే ఉండాయి. స్తంభం కింద. ఫోను పక్కన."

నా చెయ్యి బోర్డు మీద నుంచి దానంతట అదే వెనక్కి వచ్చింది. "అయితే లైన్ ఇయ్యను" అన్నాను.

"చెప్పులకీ కరెంటుకీ సంబంధమేందిరా!" అని ఆయన అరిచిన అరుపు ఫోన్ చెవికి దూరంగా పెట్టినా వినపడింది. సంబంధం చెప్పబోయాను. వినలేదు, పెట్టేశాడు.

ఇరవై నిమిషాల్లో నాలుగు బండ్లు వచ్చి సబ్‌స్టేషన్ ముందు ఆగాయి. పెద్దయ్యతో పాటు ఏడుగురు రైతులు. అరగంట సేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. లైన్ ఇయ్యమని, ఎందుకియ్యవని, నీ అబ్బ సొమ్మా అని. పెద్దయ్య మాత్రం మెల్లగా మాట్లాడాడు. అదే ఎక్కువ భయం వేసింది.

"కాంట్రాక్టోడివి. రేపు ఈ కుర్చీలో నువ్వుండవు. తెలుసునా?"

తెలుసు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అన్నీ ఆ కుర్చీ మీదే ఉన్నాయి. కానీ నాకు కోపం కూడా ఎక్కువ. చిన్నప్పటి నుంచి దాని వల్ల తన్నులు తినడమే తప్ప లాభం చూడలేదు. ఆ రోజు మాత్రం నా కోపం నాకు అన్నం పెట్టినంత పని చేసింది. లేచి స్విచ్చికీ వాళ్ళకూ మధ్య నిలబడ్డాను. ఒకతను బోర్డు మీదికి చెయ్యి చాచాడు. నేను పుస్తకం తెరిచి, భాయ్ పేరు ఉన్న చోట వేలు పెట్టి, జేబులో పెన్ను తీసి అతని ముందుకు చాచాను.

"తియ్యన్నా, బోర్డు నువ్వే తియ్యి. ఈడ సంతకం పెట్టి తియ్యి. భాయ్ యాడుండాడో నాకు తెలీదు, నేనే లైన్ ఇప్పించినా అని రాయి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్నాయనకు చాచాను. ఆయన చేతులు వెనక కట్టుకున్నాడు. అలా ఏడుగురి ముందుకూ పోయింది ఆ పెన్ను. ఒక్కరూ పట్టుకోలేదు. చివరికి పెద్దయ్య లాక్కున్నాడు. మూత తీశాడు. పుస్తకం మీదికి వంగాడు. భాయ్ పేరు మీద కాసేపు చూపు నిలబెట్టి, మళ్ళీ మూత పెట్టి పెన్ను బల్ల మీద ఉంచాడు.

"చూసినా గదా... దిగతా ఉంటే," అన్నాడు. ఆ గొంతు ఇందాకటిది కాదు.

బయట పాత బండి శబ్దం వినపడింది. ఆ బండి శబ్దం నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. భాయ్ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. జనాన్ని చూసి గడపలోనే ఆగాడు.

"నా ఫోను ఎవురు తీసినారు? చెప్పులుండాయి గానీ ఫోను లేదు. తుప్పలన్నీ వెతికి బండేసుకోనొచ్చినా" అన్నాడు.

పెద్దయ్య జేబులోంచి ఫోను తీశాడు. "పని అయిపోయిందనుకున్నా భాయ్. దిగినావు గదా?"

"దిగినా. దిగి చూస్తే నీ తోట వెనక స్తంభం మీద వైరు కింది పింగాణీ దిమ్మ పగిలి ఉండాది. మళ్ళ పిలిపిస్తారు, ఇప్పుడే ఏసేద్దామని ఆడికి పోయి కొత్తది ఏసొచ్చినా."

పెద్దయ్య ఫోన్లో తాను చేసిన కాల్ టైము చూశాడు. "పన్నెండున్నరకు యాడుంటివి?"

భాయ్ కాస్త ఆలోచించాడు. "అప్పుడే పైకెక్కినా. రాడ్లు ఇంకా కట్టలే. చెయ్యి వైరు మీదుండింది."

పెద్దయ్య గడప మెట్టు మీద కూలబడి, ఫోనును రెండు చేతులతో భాయ్‌కి అందించాడు. ఎందుకలా ఇస్తున్నాడో భాయ్‌కి అర్థం కాలేదు. నా మొహం చూశాడు. స్విచ్చికి ఇంకా వేలాడుతున్న ఎర్ర బోర్డు చూశాడు. అప్పుడు అర్థమైంది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కాడు. ఆ చేతికి గ్రీజు. నా చొక్కా మా ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. పోకపోవడమే నాకు సంతోషం.

భాయ్ పుస్తకంలో సంతకం పెట్టాడు. ఎదురుగానే ఉన్నాడు, అయినా అడిగాను.

"చెప్పులేసుకున్నావా భాయ్?"

ఆయన కాలు ఎత్తి, అందరికీ కనపడేలా చెప్పు చూపించాడు. రైతులు పగలబడి నవ్వారు. నేను బోర్డు తీసి లైన్ ఇచ్చాను. మీటరు ముల్లు కదిలింది. పొలాల్లో మోటార్లు ఒక్కొక్కటే అందుకుంటుంటే ముల్లు పైపైకి లేస్తూ పోయింది. ఒక్కో మోటారుకూ ఒక్కో మడి తడుస్తోందని లెక్క. ఆ ముల్లును చూస్తూ నేను ఏడ్చాను, నవ్వాను కూడా. నా బతుకులో నేను ఇంత పెద్దగా ఎప్పుడూ గెలవలేదు. ఆ ఇంగ్లీషు అయ్యవారు అప్పుడు వచ్చి లైన్ అంటే ఏమిటని అడిగి ఉంటే, మీటరు ముందు నిలబెట్టి చూపించేవాణ్ణి.

నా ఉద్యోగం పోలేదు. పెద్దయ్య వరి పండింది. ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బజార్లో కనపడితే తల ఊపేవాడు, అంతే. మనసులో ఏం పెట్టుకున్నాడో అని నాకు కొంచెం అనుమానంగానే ఉండేది.

రెండు నెలల తర్వాత ఆయన పొలంలోనే మళ్ళీ ఏదో తెగింది. భాయ్ లైన్ క్లియర్ తీసుకుని ఎక్కాడు. గంట గడిచింది. ఫోన్ మోగింది. ఈసారి తెర మీద పెద్దయ్య నంబరు. వచ్చింది రా తంటా అనుకుంటూ ఎత్తాను.

"అబ్బాయ్, ఎవురన్నా ఫోన్ చేసి లైనడిగితే ఇయ్యబాక. భాయ్ పైనే ఉండాడు. చెప్పులు ఈడనే ఉండాయి. నేను పక్కనే కూచోనుండా."