మినుముల చేనులో నా సగం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తమిళసీమలో, పెన్నాగరం దారిలో ఉన్న మా మెట్టచేనును ఇటుకబట్టీకి ఇచ్చేస్తానని మామ అన్న రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరసగా రెండేళ్లు మినుములు ఎరువు ఖర్చు కూడా రాబట్టలేదు, నిజమే. కానీ బట్టీవాళ్లు చేను దున్నరు, తవ్వుతారు. మేల్మట్టి పోయాక అందులో మా మనవలు కూడా ఏమీ పండించలేరు. కోడలినైనా ఒక్క పంట నన్ను చూసుకోనివ్వమన్నాను. సగం చేను నాకిచ్చి, మిగిలిన సగంలో తన పద్ధతే అన్నాడు. నాది గెలవకపోతే చేను బట్టీకే.

ఆయన పద్ధతంటే యూరియా. రాగిపైరుకు ఎంతో మినుముకూ అంత, వాన పడినప్పుడల్లా ఇంకొంచెం. నేను ఆఖరి దుక్కిలో కాస్త డీఏపీ వేసి ఊరుకున్నాను. మినుము వేళ్లకు బుడిపెలుంటాయి, గాలిలోని నత్రజనిని అవే పట్టిపెడతాయి, యూరియా ఎక్కువైతే అవి పని మానేస్తాయని రేడియోలో తమిళంలో చెబుతుంటే పిండి రుబ్బుతూ విన్నదాన్ని. రేడియో వచ్చి కోత కోస్తుందా అని అత్త దెప్పేది.

నెల దాటేసరికి మామ సగం మోకాలెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడింది. నాది జానెడు. బస్సు దిగినవాళ్లు ఆయన పైరును మెచ్చుకుని, నా పైరును చూసి జాలిపడేవాళ్లు. 

పూత మొదలైంది. డీఏపీని రాత్రంతా నానబెట్టి, పైన తేరిన నీళ్లు మాత్రమే పిచికారీకి తీసుకోవాలి. ఉలవచారుకు కట్టు వంచినట్టు నెమ్మదిగా వంచుతుంటే, అత్త వచ్చి బకెట్ అడుగు పట్టుకుంది.

తర్వాత ముసురు పట్టింది. మామ పైరు ఆకు బరువుకే ఒరిగిపోయి, లోపలి పూత కుళ్లింది. పెరుగుట విరుగుట కొరకే అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నా గిడ్డ మొక్కలు మాత్రం గుత్తులుగా కాసి నిలబడ్డాయి.

నూర్చినప్పుడు రెండు కుప్పలూ పక్కపక్కనే పోయించాను, కావాలనే. నా కుప్ప ముందు ఆయనది పిల్లకుప్ప. ఖర్చులన్నీ పోను నా వైపు మిగిలింది, ఆయన వైపు కోతకూలికే చాలలేదు. ఆయన నా కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో ఎగరేసి చూసి, మళ్లీ అందులోనే పోసి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే బట్టీ యజమాని తాంబూలంతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మామ వక్క నమలడం ఆపి నన్ను బయటికి పిలిచాడు.

"చేను అడిగేదానికి వచ్చినాడమ్మా. పండించింది నువ్వు. నువ్వే చెప్పు."

చేను ఇచ్చేది లేదని చెప్పాను, తమిళంలో, ఆ బట్టీ ఆయనకు బాగా తెలిసేటట్టు. లోపల అత్త పగలబడి నవ్వడం అరుగు దాకా వినిపించింది.