ఆరు కిలోల పచ్చజొన్న: బచ్చన్నపేట నుంచి భూపాలపల్లికి సైకిల్ మీద

నాకు అరవై ఎనిమిదేళ్లు. పొలానికి, సంతకు, పిండి గిర్నీకి జీవితమంతా సైకిల్ మీదే తిరిగాను కానీ, జనగామ దాటి దాని మీద ఎప్పుడూ పోలేదు. ఈ ఎండాకాలం చివర్లో భూపాలపల్లి దగ్గరి ఊళ్లో ఉండే మా అక్క ఫోన్ చేసింది. పోయినేడు చేతికొచ్చిన పచ్చజొన్న వానకు నల్లబడి, ఆమె దగ్గర విత్తనం లేకుండా పోయింది. అది మా అమ్మ నుంచి మా ఇద్దరికీ వచ్చిన రకం, బజార్లో దొరకదు. "నీ తాన ఉంటే మిరుగు లోపల తేరా" అంది. మిరుగు అంటే మృగశిర కార్తె. వాన పడగానే విత్తాలి. నా పొలం ఈసారి పత్తికి కౌలుకిచ్చాను. కుండలో ఉన్నది ఆరు కిలోలు. ఇంకెక్కడా గింజ లేదు. మొత్తం అక్కకే ఇద్దామనుకున్నాను. బస్సులో పోవచ్చు. కానీ కాళ్లు ఆడుతుండగానే ఒక్కసారి దూరం తొక్కాలని ఎప్పటి నుంచో ఉంది. ఎవరికీ చెప్పలేదు, అంతే.

పురుగు పట్టకుండా విత్తనాన్ని మేం బూడిద, వేపాకు కలిపి దాస్తాం. బయలుదేరే ముందు రోజు ఆ బూడిదంతా చేటతో చెరిగి, ఆకు ఏరేసి, శుభ్రమైన గింజను గుడ్డసంచిలో పోశాను. అక్క చేతికి మంచిగా ఇవ్వాలనిపించింది. తర్వాత జరిగినదానికి ఇదే మొదలు.

మొదటి రోజు తెల్లవారి నాలుగున్నరకు బచ్చన్నపేట దాటాను. ఆరున్నరకు జనగామ. బస్టాండు ఎదుట ఇడ్లీ, చాయ్ కలిపి నలభై రూపాయలు. అక్కడి నుంచి రఘునాథపల్లి మీదుగా పెద్దరోడ్డు. లారీ పక్క నుంచి పోతే సైకిల్ ఊగుతుంది. తెల్లగీత దాటకుండా తొక్కాను. వరంగల్ మీదుగా పోతే దూరం తక్కువే, కానీ ఆ లారీల మధ్య పోవడం నా వల్ల కాదనిపించింది. అందుకే స్టేషన్ ఘన్‌పూర్‌లో కుడికి తిరిగి పాలకుర్తి దారి పట్టాను. ఇటు బండ్లు తక్కువ. పదిన్నర తర్వాత ఎండకు ఆగి, నాలుగింటికి మళ్లీ తొక్కి, చీకటి పడకముందే పాలకుర్తి చేరాను. గుడి దగ్గర పడుకున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టాయి కానీ నిద్ర పట్టింది.

రెండో రోజు తొర్రూరు దాటి నెల్లికుదురు దగ్గరికి వచ్చేసరికి చైన్ తెగింది. రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ పోయాను. రోడ్డు పక్కన యాకూబ్ అనే ఆయన సైకిల్ షాపు ఉంది, వెనకాలే ఇల్లు. యాభై ఏళ్లుంటాయి. చైన్ చూసి నవ్వాడు.

"ఏడికెళ్లి వస్తున్నవ్ బాపూ?"

"బచ్చన్నపేట."

"సైకిల్ మీదనా! ఏడికి?"

"భూపాలపల్లి."

"అరె, ఇంట్ల లొల్లి పెట్టుకొని వచ్చినవా ఏంది?"

నేనూ నవ్వాను. చైన్ బాగుచేయడానికి అరవై రూపాయలు తీసుకున్నాడు. ఈ ఎండలో పోవద్దని, తిని నాలుగింటికి పొమ్మని పట్టుబట్టాడు. ఆయన భార్య బయటికి వచ్చింది. సంచి ఎండలో ఉండకూడదని ఆమె చేతికిచ్చి, "లోపల పెట్టు బిడ్డా" అన్నాను. ఇంకో మాట అనలేదు.

ఒంటిగంటకు అన్నం తినడానికి పిలిచారు. పళ్లెంలో జొన్నరొట్టెలు, టమాట తొక్కు. రొట్టె పసుపుగా ఉంది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. ఆ తీపి ఇంకే జొన్నకూ ఉండదు.

"జొన్నలు..." అన్నాను.

"మీవే బాపూ. ఎంత మంచిగున్నయి! గిర్నాయన మూడు కిలోలకు తక్కువైతే పట్టనన్నడు, అందుకే సగం పట్టిచ్చిన" అంది ఆయన భార్య.

ఎండలో గిర్నీకి పోయివచ్చి, పొయ్యి ముందు కూర్చుని నా కోసం చేసింది. ఆమెకు ఎట్లా చెప్పను? ఇంకో రొట్టె వేసింది. తిన్నాను. మూడోదీ తిన్నాను. ప్రతి ముక్కకూ అక్క చేనులో ఒక సాలు ఖాళీ అవుతున్నట్టే ఉంది.

నాలుగింటికి సంచి కట్టేటప్పుడు యాకూబే అడిగాడు.

"గీ జొన్నలు గంత దూరం ఎందుకు మోస్తున్నవ్ బాపూ? ఆడ దొరకవా?"

"దొరకవు. అక్కకు. విత్తనం."

ఆయన భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "యా అల్లా! విత్తనమా? బూడిద లేదు, ఆకు లేదు, నాకెట్ల తెలుస్తది? మా అత్త చెప్పేది, బాటన పోయేటోళ్లు గింజలిచ్చి రొట్టెలు చేయించుకునేటోళ్లని. మీరు గట్లనే ఇచ్చిన్రనుకున్న. తినేటప్పుడన్న చెప్పొద్దా? నోరు లేదా బాపూ మీకు?"

"అన్నది నిజమే" అన్నాను.

మిగిలిన పిండి అంతా ఒక డబ్బాలో పోసి తెచ్చింది. ఉంచుకోమన్నాను. "వద్దు, నాకు గొంతు దిగదు. మీ అక్కకియ్యుండ్రి" అంది. యాకూబ్ ఆ డబ్బాను సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు గట్టిగా కట్టాడు.

ఆ సాయంత్రం కేసముద్రం. మర్నాడు గూడూరు, నర్సంపేట. ఆ దారిలో కొంత అడవి ఉంది, నీళ్లు ముందే నింపుకోవాలి. నాలుగో రోజు ములుగు మీదుగా భూపాలపల్లి వైపు తిరిగాను. దారి పొడుగునా అక్కకు ఏం చెప్పాలో అనుకుంటూనే తొక్కాను. చేరేసరికి సాయంత్రం ఆరు. ఆమె వాకిట్లోనే ఉంది. సంచి అందుకుని బరువు చూసింది.

"ఆరు కిలోలంటివి కదరా?"

"మూడే."

"మిగిలినయి?"

డబ్బా చేతికిచ్చాను. మూత తీసి, పిండి వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. జరిగింది చెప్పాను. ఈ ప్రయాణంలో నేను ఎక్కువ మాట్లాడింది అప్పుడే. తిడుతుందనుకున్నాను. పొయ్యి వెలిగించింది. మొదటి రొట్టె తనే తింది, నిలబడే తింది.

"అమ్మ పోయినంక దీని రొట్టె తిన్లేదురా" అంది. "విత్తనం, విత్తనం అని దాసిపెట్టుడే. నువ్వు తిన్నవా?"

"నేనూ తిన్లేదు. మొన్న నెల్లికుదురులనే."

ఎకరన్నర వెయ్యాల్సిన చోట ముప్పావు ఎకరం వేస్తానంది. పండితే వచ్చే ఏడు ఇద్దరికీ సరిపోతుంది. పండకపోతే ఆ రకం మా ఇంట్లో ఇక లేదు. అది ఇద్దరికీ తెలుసు. అయినా మరో రొట్టె చేసి, సగం నాకు పెట్టింది.

వచ్చేటప్పుడు సైకిల్‌ను బస్సు మీద వేయించుకుని వచ్చాను. ఈ వయసులో ఇంత దూరం తొక్కగలనా అని అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. తొక్కడం కష్టం కాలేదు. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మధ్యలో నీడ. అంతే. మాట్లాడటమే కష్టమైంది. దారిలో అందరూ మంచివాళ్లే దొరికారు. వాళ్ల మంచితనానికి నేనే ఒక మాట తక్కువ చెప్పాను. అక్క నిన్న ఫోన్ చేసింది. మొలక వచ్చిందట, సాళ్లు కనబడుతున్నాయట. వచ్చే దసరాకు మళ్లీ సైకిల్ మీదే పోవాలని ఉంది. ఈసారి నెల్లికుదురులో ఆగి, ఆ తల్లికి చేను సంగతి చెప్పాలి.

పోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. దారిలో ఎవరి చేతికైనా సంచి ఇస్తే, అందులో ఏముందో, అది ఎవరి కోసమో ఇచ్చేటప్పుడే చెప్పండి. విత్తనమైతే బూడిద చెరగకండి.