పాస్‌లో మిగిలిన ఏడో చోటు

మా పక్క పొలం లెస్టర్‌ని విన్‌టన్ ఊరి చుట్టుపక్కల అందరూ పిసినారి అంటారు. నేను ఒప్పుకోను. పిసినారికి డబ్బంటే ప్రేమ. లెస్టర్‌కి డబ్బు మీద ప్రేమేం లేదు, ఏదైనా వృథాగా పోతుంటే మాత్రం ప్రాణం విలవిల్లాడిపోతుంది. పాలు తీసే గొట్టాల్లోంచి చివరి చుక్క జారేదాకా షెడ్డులో నిలబడే మనిషి. వాళ్ళకి రెండు వందల నలభై ఆవులు. చెవి నంబరు చూడకుండా, వెనక నుంచి పొదుగు చూసి ఏది ఏదో చెప్పేస్తాడు.

చలికాలంలో, అంటే ఇక్కడ జూన్ జూలైల్లో, ఆవులు వట్టిపోయాక ఇక్కడి రైతులందరూ ఊళ్ళు తిరిగొస్తారు. లెస్టర్ కంచెలు బాగుచేసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఆయన భార్య నోలీన్ ఆ కంచెలకి మేకులు అందిస్తూనే ఉంది. ఈ ఫిబ్రవరిలో, నేను వాళ్ళ వంటింట్లో టీ తాగుతుండగా, ఆమె ఇక ఆగలేకపోయింది.

"వచ్చే నెల క్రైస్ట్‌చర్చ్ వెళ్తున్నాం. మూడ్రోజులు. పాలు పిండే రోజుల్లోనే వెళ్తాం, లేకపోతే అది సెలవెలా అవుతుంది? షెడ్డు ఇదిగో, మన రోవీనా చూసుకుంటుంది. అక్కడ నువ్వు ఆవుని చూడకూడదు, ఆవు మాట ఎత్తకూడదు. ఒట్టెయ్యి."

లెస్టర్ నా వైపు తిరిగాడు. "ఎనభై నాలుగోది తంతుంది, తెలుసా అమ్మాయ్?"

"తన్నించుకుంది నేనే కదా, తెలీకుండా ఎలా ఉంటుంది!" అన్నాను.

"సరే, ఒట్టు. కానీ నాదీ ఓ షరతుంది" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ షరతు పోస్టులో వచ్చింది. టూరిస్టు పాస్. ఒక్కొక్కరికి ఒకటి, రెండు రోజుల్లో ఏడు చోట్లకి వెళ్ళొచ్చు. "ఆరే చూస్తే విడిగా టికెట్లు కొనుక్కున్నా ఇంతకంటే చవగ్గా పడుతుంది. ఏడూ చూస్తేనే మిగులు. ఇద్దరివీ గిట్టుబాటైతే ఏటేటా వెళ్దాం నోలీ. కాకపోతే ఇదే ఆఖరు."

ఏటేటా అన్న మాటకి నోలీన్ చేతిలో టీ కప్పు ఆగిపోయింది. ఆమె మోకాళ్ళ నొప్పుల సంగతి నాకు తెలుసు. ఆ మాట కోసం ఆ మోకాళ్ళతోనే ఏడు చోట్లేం ఖర్మ, పద్నాలుగు చోట్లయినా తిరిగేస్తుందని కూడా తెలుసు.

తర్వాత జరిగినదంతా ఇద్దరూ వంతులవారీగా, ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ నాకు చెప్పారు.

మొదటి రోజు అలవాటు కొద్దీ నాలుగింటికే లేచారు. అయిదున్నరకి ట్రామ్ ఆగేచోట ఉన్నారు. మొదటి ట్రామ్ తొమ్మిదింటికి.

"జనమంతా ఏరి?" అన్నాడట లెస్టర్.

"నిద్రపోతున్నారు ముసలోడా. మనుషులు ఈ టైముకి నిద్రపోతారు."

బెంచీ మీద కూర్చుని డబ్బాలోని చీజ్ స్కోన్ రొట్టెలు తిన్నారు. చేతిలో ఏ పనిముట్టూ లేకుండా తన మొగుడు మూడున్నర గంటలు తన పక్కన కూర్చోవడం ఎన్నేళ్ళకో చూశానంది నోలీన్. ఆ రోజు ట్రామ్ ఎక్కారు, నదిలో పడవెక్కారు, తీగల మీద వేలాడే బండిలో కొండెక్కారు. మధ్యాహ్నం మూడున్నరకి, రోజూ రెండో విడత పాలు తీసే వేళకి, లెస్టర్ కాళ్ళు ఆగిపోయాయి.

"షెడ్డు టైమైంది" అన్నాడు.

"ఒట్టు తప్పావ్."

"షెడ్డంటే ఆవు మాట కాదు!"

ఆ వాదన రాత్రి భోజనం దాకా నడిచింది. రెండో రోజు ఇంకో మూడు చోట్లు చూశారు. చివరిది పెంగ్విన్లు. అక్కడికి ఆరు చోట్లయ్యాయి. మూడుంబావుకి, నోలీన్ కుంటుతూ, ఏడో చోటికి చేరుకున్నారు. పాస్ మీద 'పాతకాలపు తోట' అని మాత్రమే ఉంది. గులాబీలు ఉంటాయనుకున్నారు. గేటు దగ్గర బోర్డు మీద సుద్దతో రాసి ఉంది, 'మూడున్నరకి ఆవు పాలు పితకడం చూడండి' అని.

లెస్టర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. "పద, పోదాం."

"మరి గిట్టుబాటు?"

"పోతే పోనీ. ఒట్టంటే ఒట్టే."

లెస్టర్ నోటి వెంట 'పోతే పోనీ' అన్న మాట నేనైతే పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నోలీన్‌కి మాత్రం సంతోషం కలగలేదు, భయమేసింది. ఈ మనిషి ఆ ఒట్టు ఎంత గట్టిగా పట్టుకుంటాడో, ఇదే ఆఖరన్న మాటనీ అంత గట్టిగానే పట్టుకుంటాడు.

"ఒట్టేసింది నువ్వు, నేను కాదు" అని తన పాస్ స్కాన్ చేయించుకుని లోపలికి వెళ్ళిపోయింది. లెస్టర్ బయట బెంచీ మీద, కంచె వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

లోపల పాపం ఓ పిల్ల ఆవు కింద చెమటలు కక్కుతోంది. జనం గోలకి ఆవు బెదిరి పాలు చేపడం లేదు. నోలీన్ రెండు నిమిషాలు ఓర్చుకుంది. మూడో నిమిషంలో, "లే తల్లీ, నన్ను కూర్చోనీ" అంది. ఆవు పక్కకి నుదురానించి, పొదుగు మెల్లగా నిమిరి మొదలుపెట్టింది.

కంచె ఇవతల లెస్టర్‌కి ఆ చప్పుడు వినపడింది. రెండు పొట్టి ధారలు, ఒక పొడుగు ధార. ముందు ఖాళీ బకెట్‌లో చుయ్‌మని, తర్వాత నురగలోకి మెత్తగా. నలభై రెండేళ్ళ కిందట నోలీన్ నాన్న దగ్గర పనికి చేరిన మొదటి పొద్దున, ఆమెని చూడకముందే, గోడ అవతల నుంచి విన్నాడు దాన్ని. తర్వాత మెషీన్లు వచ్చాయి. ఇన్నేళ్ళూ పక్కపక్కనే పని చేస్తూ మళ్ళీ వినలేదు.

గేటు మూసే అమ్మాయి, "లోపల అయిపోవచ్చిందండీ, ఇప్పుడెందుకు?" అంది. "నువ్వు స్కాన్ చెయ్యమ్మా" అని లోపలికి నడిచాడు.

నోలీన్ తలెత్తేసరికి ఎదురుగా మొగుడు.

"ఒట్టేమైంది ముసలోడా?"

"ఆవుని నేను చూడలేదు. నిన్ను చూశాను."

ఆ మాట నేను నమ్మలేదు. సొంత చెల్లెలు కొత్త గౌను వేసుకున్నా పట్టించుకోడు గానీ, పరాయి ఆవుకి కాలి గిట్ట అరిగితే రోడ్డవతల నుంచి కనిపెట్టే మనిషి. అందుకే వాళ్ళ వంటింట్లో నిలదీశాను.

"ఆ ఆవు రంగేంటి లెస్టర్?"

నోలీన్ వైపు చూశాడు. ఆమె టీ పోస్తూ నవ్వుకుంది. ఆలోచించి ఆలోచించి, చివరికి చెవులు ఎర్రబడి, "గోధుమరంగా?" అని నన్నే అడిగాడు.

"నలుపూ తెలుపూ" అంది నోలీన్, కప్పు ఆయన ముందు పెడుతూ.

వాళ్ళ షెడ్డు గోడ మీది క్యాలెండర్లో వచ్చే మార్చిలో మూడు రోజులకి ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. పక్కన లెస్టర్ చేతిరాతలో నా పేరు ఉంది.