ఆ సినిమాను సాగనివ్వని మనిషి

మొన్న గురువారం తెల్లవారుజామున మా ఇంటి ఓనరు మామ కన్నుమూశారు. బెంగళూరు నగర్తపేటలో ఆయన మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు సినిమా చూసిన మేమంతా ఏడ్చాం. అదే మిద్దె మీద ఏళ్ళ తరబడి ఆయన్ని విసుక్కున్నదీ మేమే.

ఆయన దగ్గర ఉన్నది ఒకే సినిమా. యుద్ధకాలం నాటి నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా. ఎడారి అంచున ఒక ఊరు, దాన్ని ఆక్రమించిన పరాయి సైన్యం, ఊరి నడుమ ఒక హోటలు. ప్రాణాలు దక్కించుకోవడానికి ఎన్నో దేశాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు అందులో తలదాచుకుంటారు. ఎప్పుడో విడిపోయిన హీరో హీరోయిన్లు అక్కడే మళ్ళీ కలుస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో మాకు తెలియదు. ఆ ఊరి మనిషి ఒక్కడు తెర మీద కనబడితే చాలు, ఓనరు మామ ప్రొజెక్టర్ రిమోట్ నొక్కి టక్కున ఆపేసేవారు.

"ఈ ట్రే మోసేవాడు ఎవరప్పా? నువ్వు చెప్పు, వీని పేరేమి?"

అడిగేది నన్నే. నేను బట్టల హోల్‌సేల్ అంగట్లో లెక్కలు రాసుకునేవాణ్ణి, మాట తక్కువ. తెలియదన్నట్టు తల ఊపేవాణ్ణి.

"తెలీదు గదా? సినిమా తీసినోనికీ తెలీదు!"

మారతహళ్ళి నుంచి వచ్చే ఆయన అల్లుడు ఒకసారి ఉత్సాహంగా, "ఎంత డైవర్సిటీ మామా, అన్ని దేశాల వాళ్ళూ ఉన్నారు" అన్నాడు. పాపం, ఆ పూట సినిమా అక్కడే ఆగిపోయింది.

"అన్ని దేశాలోళ్ళూ ఉండారు. ఆ ఊరోళ్ళు యాడుండారప్పా? ట్రే మోసేదానికి, గాడిద తోలేదానికి! ఒక్కనికే మాట ఉండాది. అదీ 'అట్లే దొరా' అని!"

కింద పోర్షన్‌లో ఉండే నర్సమ్మది గుంటూరు వైపు. ఆమె ఊరుకునే రకం కాదు. "మామగారూ, వాళ్ళిద్దర్నీ ఒక్క ముద్దైనా పెట్టుకోనివ్వరా?"

"ముద్దు యాడికీ పోదమ్మా, ఈడే ఉంటాది. వీడు పోతాడు. వీన్ని చూడు."

ఎనిమిదికి ఆట ముగియాలన్నది ఆయన పెట్టిన రూలే. సరే, వచ్చేవారం మిగతాది చూద్దామంటే, మళ్ళీ మొదటి నుంచి! "పోయినసారి రానోళ్ళు ఉంటారు గదప్పా" అనేవారు. వచ్చేది ఎప్పుడూ మేమే.

ఒక మాట మాత్రం చెప్పాలి. నేను బడికి పెద్దగా పోలేదు. ఆయన ఆపినప్పుడల్లా తెర అడుగున వచ్చే డైలాగుల ఇంగ్లీషు అక్షరాలు కదలకుండా నిలిచేవి. ఆయన అరుస్తుంటే నేను కూడబలుక్కుని చదువుకునేవాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లీషు చాలావరకు ఆ తగవుల పుణ్యమే.

ఆయన తాతముత్తాతలు ఈ బెంగళూరులోనే పుట్టారు. అయినా ఆయన తెలుగు విని ఎవరో ఒకరు "మీది ఏ ఊరు సార్?" అనేవారు. ఈ ఊరే అంటే, "అది కాదు సార్, అసలు ఊరు?" అని మళ్ళీ అడిగేవారు. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, "ఇంకెన్ని తరాలు కావాలప్పా వీళ్ళకి?" అనేవారు.

నిన్న ఆదివారం అల్లుడే ఆ సినిమా వేశాడు. "మామకు గౌరవంగా, ఈసారి ఆపకుండా చూద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా ఆపుతూ వచ్చిన మనిషికి చేసే గౌరవం ఇదా?

సినిమా హాయిగా సాగిపోయింది. ముద్దు పెట్టుకున్నారు. ట్రే మనిషి వచ్చాడు, పోయాడు. చివరికి హీరోయిన్ ఎక్కిన కారు ఊరి పొలిమేరకు చేరింది. తలపాగా చుట్టుకున్న ఒకాయన పెద్ద ఇనుప గేటు తెరిచాడు. కారు వెళ్ళిపోయింది. అందరూ తప్పించుకున్నారు. ఆయన మాత్రం గేటుకు లోపలే ఉండిపోయాడు. ఇంతకు ముందెప్పుడూ మేము ఆయనదాకా రానేలేదు. ఈయన గురించి ఓనరు మామ ఏమనేవారో ఇక ఎవరు చెబుతారు?

"ఆపు బాబూ, ఆపు!" నర్సమ్మ గట్టిగా అరిచింది.

అల్లుడు తడుముకుని రిమోట్ నొక్కాడు. గేటు మీద రెండు చేతులూ పెట్టి, ముఖం మా వైపు తిప్పి ఆ గేటు మనిషి నిలిచిపోయాడు. వీని పేరేమి అని ఎవరూ అడగలేదు. మళ్ళీ నడిపించమనీ ఎవరూ అనలేదు. తెరగా కట్టిన దుప్పటి గాలికి కదిలినప్పుడల్లా ఆయన పెదవులు కదులుతున్నాయి.