చీర మడతలో వచ్చిన ఆడమనిషి

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటిపోయిన నాయకుడున్నాడు, అలిగి పుట్టింటికి చేరిన నాయిక ఉంది, ఏ దేశం నుంచి వచ్చిందో తెలియని సుందరి ఉంది. నాయకుడు మా చిన్నాయన, కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరు. నాయిక మా చిన్నమ్మ. సుందరికి కనుబొమ్మలు లేవు. కాబట్టి కావ్యం సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

తొంభైల చివర. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నానని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. ఆదివారాలు పుంగనూరులో చిన్నమ్మ ఇంటికి భోజనానికి పోయేవాణ్ణి. ఆ ఆదివారం పొయ్యి వెలగలేదు. మంచం మీద మూడు చీరల పార్శిల్ ఉంది. కువైట్ నుంచి సెలవుకు వచ్చినతను ఎవరో ఇచ్చి పోయాడట. పై చీర విప్పగానే మడతలోంచి నోటుపుస్తకమంత చెక్క పలక జారిపడింది. పలక మీద అతికించిన రంగుల బొమ్మ, బొమ్మలో ఒక ఆడమనిషి. తెల్లటి మొహం, పెద్ద నుదురు, బొట్టు లేదు. మనల్ని చూడకుండా పక్కకు చూస్తోంది.

"ఎవుర్రా ఇది?" అంది చిన్నమ్మ.

"ఎవరో పాతకాలం దొరసాని బొమ్మ చిన్నమ్మా."

"దొరసానేంది? నొసలు సూడు. నడినెత్తి దాకా ఎంటికే లేదు. తిరపతి కొండలో తలెంటికలు ఇచ్చొచ్చింది, ఇంకా మొలవలేదు. మన పక్క మనిషే."

"ఆడోళ్ళు మూడు కత్తెర్లు ఇస్తే చాలు కదా. ఈమె కనుబొమ్మలు కూడా ఇచ్చేసిందా?"

"మొక్కు పెద్దదేమో."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పోయిన సెలవులో మీ చిన్నాయన కొండకు పోయి గుండు కొట్టించుకోనొచ్చినాడు. నాకు జొరం, పోలేకపోతి. ఒక్కడే పోయినాడని మనకెవురు చెప్పినారు? ఆయనే కదా?"

ఫోన్లో అడగొచ్చు కదా అన్నాను. "ఫోన్లో మొగం కనపడదు" అంది. మిగతా రెండు చీరలు విప్పనైనా విప్పలేదు. "ఆమె కట్టి ఇడిసినవేమో, నేను ముట్టను" అని అట్లాగే మూటగట్టి, పలకతో సహా సంచిలో వేసుకుని, ఇంటికి తాళం పెట్టింది. "ఆమె ఎవురో తేలితేనే మళ్ళీ ఈ గడప తొక్కేది" అని కుప్పం బయల్దేరింది.

అక్కడ చిన్నమ్మ పుట్టింట్లో మా అవ్వ కళ్ళద్దాలు తుడుచుకుని విచారణ మొదలుపెట్టింది. "మెళ్ళో నల్ల తాడుండాది. కొస రైకలోకి పోయింది. తాళి లోపలేసుకోనుండాది."

"పెళ్ళయిన మనిషంటే మనకు మంచిదే కదవ్వా?"

"ఎవురు కట్టినారో రాసుండాదా ఆడ?"

రాసిలేదు. ఆ తర్వాత నేను ఎప్పుడు కుప్పం పోయినా ఆ బొమ్మ గూట్లో గోడకు తిరిగి ఉండేది. అలిగినదెవరో, శిక్ష పడినదెవరో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం మాత్రం పలక ఇటు తిరిగి ఉంది. చిన్నమ్మ దాని పక్కన అద్దం పెట్టుకుని, తన జుట్టు రెండు చేతులతో వెనక్కి లాగి పట్టుకుని చూసుకుంటోంది. నన్ను చూసి, "తలనొప్పిరా" అంది. నా దగ్గర సిద్ధంగా ఉన్న జోకు ఎందుకో బయటికి రాలేదు.

మదనపల్లె తిరిగి వచ్చి, కాలేజీలో చేరాక మొదటిసారి లైబ్రరీకి పోయాను. పడమటి దేశాల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఆమే! అదే నుదురు, అదే తాడు. కింద ఇలా ఉంది: ఇటలీ, అయిదు వందల ఏళ్ళ కిందటిది, స్త్రీ ఎవరో తెలియదు. కేసు గెలిచిన లాయరులాగా పుస్తకం చంకన పెట్టుకుని కుప్పం పోయాను.

"చూడు చిన్నమ్మా, ఎవరో తెలియదని అచ్చేసి ఉంది."

ఆమె బొమ్మనీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "అంటే అయిదు నూర్ల ఏండ్లుగా అడిగినోళ్ళందరికీ మగోళ్ళు ఇదే మాట చెప్తాండారా?"

పుస్తకం వాపసు ఇచ్చేశాను.

వేసవిలో చిన్నాయన సెలవుకొచ్చాడు. పుంగనూరులో తాళం చూసి, పెట్టెతో సహా నేరుగా కుప్పం వచ్చాడు. అవ్వ ఏమీ అడగకుండా అల్లుడికి ఆకు వేసి అన్నం పెట్టింది. ఆకు ముందర నీళ్ళ చెంబుకు ఆనించి ఆమెను నిలబెట్టింది. చిన్నాయన పప్పు కలుపుకుంటూ తలెత్తాడు.

"ఇదింకా ఉండాదా?"

ఇంట్లో గాలి ఆగింది. అంటే, కరెంటు పోయింది.

"ఎవురామె?" అంది చిన్నమ్మ గుమ్మంలోంచి.

"నాకేం తెల్సు మే?"

నిజం చెప్పేవాడూ ఇదే అంటాడు, అబద్ధం చెప్పేవాడూ ఇదే అంటాడు. మొహం చూసి కనిపెడదామంటే దాని నిండా పప్పన్నం. చిన్నమ్మ లోపలికి తిరిగింది.

"చీరలు నలిగినాయా ఏంది?" అన్నాడు చిన్నాయన. "నేను పన్జేసే ఇంట్లో గోడలకు సున్నం కొడతా పాత బొమ్మలు పారేస్తావుంటే, పలక గట్టిగా ఉండాదని చీరకొకటి పెట్టి కట్టినా."

"చీరకొకటా?" అంది అవ్వ.

మూట వచ్చింది. రెండో చీరలో పళ్ళ బుట్ట. మూడో చీరలో గడ్డం ముసలాయన, నెత్తిన నల్ల టోపీ, అందరి మీదా అనుమానం. అవ్వ ఆయన్ని తీసుకుపోయి ఆమె పక్కన నిలబెట్టింది.

"వీడే. తాడు కట్టినోడు వీడే. తాళుండాదని నేనప్పుడే చెప్తి."

"మరి కొండకు ఒక్కడివే పోతివే?" చిన్నమ్మ ఇంకా వదల్లేదు.

"ఒక్కణ్ణి యాడ మే? బస్సు నిండా జనం."

చిన్నమ్మ నవ్వలేదు. కానీ పప్పు గిన్నె అందుకుని ఆయన ఆకు దగ్గరికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మూడు చీరలూ, మూడు పలకలూ సంచిలో సర్దింది. ముసలాయనకూ ఆమెకూ ఈడు కుదరలేదని మాత్రం బస్టాండు దాకా గొణుగుతూనే ఉంది. పుంగనూరుకు నేరుగా బస్సు దొరక్క పలమనేరులో మారారు.

ఆమె ఇప్పుడు చిన్నమ్మ వంటింట్లో నిమ్మకాయ ఊరగాయ జాడీ మీద ఉంది. ఆ జాడీ మూత అంతకుముందే పగిలిపోయింది.