పుర్రచేతి చిత్రిక

వీరభద్రాచారి చేతికి పాత చిత్రికనిస్తే ముందు దాని ఉలి చూడడు. కళ్లు మూసుకుని కట్టెను తడుముతాడు. నందికొట్కూరులో వడ్రంగం పని చేసేవాళ్లంతా కరెంటు మిషన్లకు మారి, పలకలను నున్నగా తోసే చిత్రికలను అటకెక్కించాక, వాటిని దించి బాగుచేసే పని ఆయనకు మిగిలింది. పదహైదేళ్లుగా అదే బతుకు. వంకరపోయిన అడుగును సరిచేస్తాడు, పగిలిన కట్టెకు అతుకు వేస్తాడు, తుప్పు గీకి ఉలికి సానపడతాడు. అరవై దాటినా ఆయన కోపానికి మాత్రం ఎవరూ సానపట్టాల్సిన పనిలేదు. “ఆచారి దగ్గరికి పోతే చిత్రికతో పాటు మనల్ని గూడా తోసి పంపుతాడు” అని ఊళ్లో నవ్వుకుంటారు.

ఆయన అన్న మౌనేశాచారి పోయి మూడు నెలలైంది. అన్నది పుర్రచెయ్యి. ఎడమచేత్తో తోసేవాడు గనుక, ఆయన తుమ్మకట్టె చిత్రికకు బొటనవేలి గుంట అందరికీ పడే వైపు గాక అవతలి వైపు పడింది. నలభై ఏళ్ల పనికి పడిన గుంట. పని నేర్చుకునే రోజుల్లో తమ్ముడు దాన్ని ముట్టుకుంటే, “నీ చేతికి పలకదు, పో” అని అన్న వేళ్ల మీద కొట్టేవాడు.

మూడో మాసికం నాడు వీరభద్రాచారి అన్నగారింటికి పోయాడు. పటం ముందర పనిముట్లు పరిచి ఉన్నాయి. నడుమ ఆ చిత్రిక, అద్దంలా మెరుస్తూ. అన్న కొడుకు ఉమామహేశ్ కర్నూలులో ప్లైవుడ్ పని చేస్తాడు. చిన్నాయన మెచ్చుకుంటాడని పక్కనే నిలబడ్డాడు.

వీరభద్రాచారి వంగి చిత్రికను ఎడమచేత్తో పట్టి, బొటనవేలు ఆనించాడు. వేలు జారింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ జారింది.

“గుంట యాడరా?”

“మిషన్ పెట్టి గీకినా చిన్నాయనా. శానా గుంతలు, మరకలు ఉండె. పాలీషు మూడు కోట్లు కొట్టినా.”

“ఎవురినడిగి గీకితివి?”

“పద్ధతేం తప్పలేదులే. ఏడాది దాకా ఉలికి సానపట్టగూడదని నాయినే చెప్పినాడు గదా. ఉలిని ముట్టనే లేదు. చూడు, తుప్పు అట్లే ఉండాది.”

నిజమే. పోయినవాని ఇనుముకు ఏడాది తిరిగేదాకా సానపట్టకపోవడం వాళ్లింటి ఆచారం. పిల్లోడు అక్షరం తప్పలేదు. తుప్పును భద్రంగా దాచి, తండ్రి చేతిని గీకి పారేశాడు.

“ఉలి సంతలో దొరుకుతాదిరా గాడిదా. కట్టెలో గదరా మీ నాయిన ఉండేది.”

వదిన రామలక్ష్మమ్మ విస్తరాకు తుడుస్తూ తలెత్తింది. “మాసికం దినం గూడా నోరు మూతపడదా నీకు? వాడు ప్రేమతో చేసినాడు గదప్పా.”

“ప్రేమతో చేసినాడు గాబట్టే ఇంత బాగా చెడిపాయ వదినా.”

ఉమామహేశ్ మొహం ఎర్రబడింది. “నువ్వు చేసేదేంది మరి? నీ అంగడికొచ్చిన చిత్రికల గుంటలన్నీ లప్పం పెట్టి పూడ్చి, కొన్నోళ్ల చేతికి సరిచేస్తాండావు. అవి ఎవురి నాయినలవో అడిగినావా?”

వీరభద్రాచారి ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని తడిమింది ఎక్కడ పూడ్చాలో తెలుసుకోవడానికే. అది గుర్తొచ్చేసరికి కోపం రెట్టింపయింది.

“పోనీ, గుంట మళ్లా చెక్కుతాలే,” ఉమామహేశ్ మెత్తబడ్డాడు. “కొలత చెప్పు.”

“నలభై ఏండ్లు. అదీ కొలత.”

విస్తరి ముందు కూర్చోలేదు. చిత్రికను చంకన పెట్టుకుని ఎండలోకి నడిచాడు.

“ఏడాది నిండలేదప్పా, దాన్ని పనిలో పెట్టొద్దు,” అని వదిన గడపదాకా వచ్చింది.

“సానపట్టగూడదన్నారు. తొయ్యగూడదని ఎవురూ అన్లా.”

అంగట్లో టేకు పలక బిగించి ఎడమచేత్తో తోశాడు. మొండి ఉలి కట్టెను కొరికి, పలకను పొడుగునా చీల్చింది. కుడిచేతి వాటం మనిషి, భుజం పట్టేసింది. అన్నను తిట్టాడు, పిల్లోణ్ణి తిట్టాడు, తనను తిట్టుకున్నాడు. పాలీషు మీద బొటనవేలు జారుతూనే ఉంది. గూట్లో ఎవరిదో పాత చిత్రిక, దాని పక్కన సగం వాడిన లప్పం డబ్బా కనిపించాయి. డబ్బాను తీసి వీధికాలవలోకి గిరాటేసి, వచ్చి మళ్లీ ఎడమచేత్తోనే తోశాడు.